గ్యాస్ బర్నర్ బిగిస్తే సరిపోదు.. బాయిలర్ దగ్గర అసలు గండం వెలిగించే ఆ అర నిమిషమే!

ఇడుపులపాయ అనగానే ముందు గుర్తొచ్చేది వైఎస్సార్ ఘాట్. ఆ తర్వాత ట్రిపుల్ ఐటీ. 2008లో మొదలైన ఈ ఆర్కే వ్యాలీ క్యాంపస్‌కు పదో తరగతి పాసైన పిల్లలు వస్తారు. ఆరేళ్లు అక్కడే ఉండి బీటెక్ పూర్తి చేసుకుని బయటికి వెళ్తారు. అంటే వేల మందికి రోజూ పొద్దున టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి భోజనం. ఒక్క పూట కూడా తప్పడానికి వీల్లేదు.

ఇంతమందికి పొయ్యి మీద గుండిగలు పెట్టి వండటం అయ్యే పని కాదు. అందుకే పెద్ద హాస్టళ్లు, అన్నదాన సత్రాలు, ఆస్పత్రులు ఆవిరి వంట వైపు వెళ్తున్నాయి. ఆవిరి కావాలంటే బాయిలర్ ఉండాలి. బాయిలర్‌కు మంట కావాలి. ఆ మంట ఇప్పుడు కట్టెలు, ఊక, డీజిల్ నుంచి గ్యాస్‌కు మారుతోంది.

మారడం మంచిదే. పొగ లేదు, బూడిద లేదు, బటన్ నొక్కితే మంట. కానీ ఆ బటన్ వెనక ఏం జరుగుతుందో చాలా వంటశాలల్లో నొక్కేవాళ్లకే తెలియదు. అసలు సమస్య అక్కడే ఉంది.

"బాయిలర్ పేలింది".. కానీ పేలింది ఏది?

ఫ్యాక్టరీలో శబ్దం వస్తే చాలు, స్క్రోలింగ్‌లో "బాయిలర్ పేలింది" అని పడిపోతుంది. ఒప్పుకోవాలి, మా న్యూస్‌రూముల్లో కూడా ఇదే అలవాటు. నిజానికి బాయిలర్ దగ్గర రెండు రకాల పేలుళ్లు ఉంటాయి.

ఒకటి ఆవిరి వైపు. నీళ్లు తగ్గిపోయి, లేదా ప్రెజర్ పెరిగిపోయి డ్రమ్ము, ట్యూబులు బద్దలవడం. దీని గురించి అందరికీ తెలుసు. సేఫ్టీ వాల్వులు, నీటిమట్టం చూపే గాజు గొట్టం, ఏటా జరిగే తనిఖీ.. ఇవన్నీ దానికోసమే.

రెండోది మంట వైపు. బర్నర్ ఉండే గదిని ఫర్నేస్ అంటారు. వెలగని గ్యాస్ అందులో పోగై, ఆ తర్వాత ఒక్క నిప్పురవ్వ తగిలితే చాలు. ఆవిరి ప్రెజర్ సున్నా ఉన్నా, బాయిలర్ చల్లగా ఉన్నా ఈ పేలుడు జరగొచ్చు. గ్యాస్ బర్నర్ వచ్చాక ముందుగా భయపడాల్సింది దీనికే.

అమెరికాలోని మిచిగాన్‌లో 1999 ఫిబ్రవరి 1న ఫోర్డ్ కంపెనీ రివర్ రూజ్ పవర్‌హౌస్‌లో జరిగింది ఇదే. బాయిలర్‌ను మెయింటెనెన్స్ కోసం ఆపుతున్నారు. ఆపే క్రమంలో సహజవాయువు ఫర్నేస్‌లోకి చేరింది. పేలుడులో ఆరుగురు చనిపోయారు. అంత పెద్ద కంపెనీలో, బాయిలర్ నడుస్తున్నప్పుడు కూడా కాదు, ఆపేటప్పుడు.

మూడు సెకన్లు చాలు.. లెక్క చూడండి

గంటకు 500 కిలోల ఆవిరి ఇచ్చే ఓ మధ్యరకం బాయిలర్‌ను తీసుకుందాం. మరిగే నీటిని ఆవిరిగా మార్చడానికే కిలోకు 540 కిలో క్యాలరీల వేడి కావాలి. అంటే గంటకు 2.7 లక్షల కిలో క్యాలరీలు. పొగగొట్టంలో పోయేది కూడా కలుపుకుంటే 3.2 లక్షల దాకా వెళ్తుంది. కిలో ఎల్పీజీ ఇచ్చేది సుమారు 11 వేలు. అంటే ఫుల్ లోడ్ మీద గంటకు దాదాపు 29 కిలోల గ్యాస్. హోటళ్లలో కనిపించే 19 కిలోల సిలిండర్ 40 నిమిషాల్లో ఖాళీ!

ఇప్పుడు ఇదే లెక్కను ప్రమాదం వైపు తిప్పుదాం. గంటకు 29 కిలోలు అంటే సెకనుకు 8 గ్రాములు. వాయువు రూపంలో సుమారు మూడున్నర లీటర్లు. గాలిలో ఎల్పీజీ 2 శాతం దగ్గరికి రాగానే అంటుకునే స్థాయికి చేరుతుంది. ఫర్నేస్ అర ఘనపు మీటరు, అంటే 500 లీటర్లు అనుకుంటే, అందులో 2 శాతం పది లీటర్లే. లోపల గాలి కదలకుండా ఉండి, మంట అంటుకోకుండా గ్యాస్ పూర్తిగా తెరుచుకుంటే మూడు సెకన్లలో ఆ గది బాంబుగా మారుతుంది.

మూడు సెకన్లు. "ఏంట్రా వెలగలేదు" అని మనిషి వంగి చూసేంత సమయం.

ఆ అర నిమిషం ఎందుకు ఆగాలి?

అందుకే మంచి బర్నర్ స్టార్ట్ నొక్కగానే వెలగదు. ముందు ఫ్యాన్ తిరుగుతుంది. ఫర్నేస్‌లో, పొగ దారిలో మిగిలిపోయిన గ్యాస్‌ను బయటికి తోసేస్తుంది. దీన్నే పర్జింగ్ అంటారు. ఫుల్ గాలితో కనీసం 20 నుంచి 30 సెకన్లు, పెద్ద బాయిలర్లకు ఇంకా ఎక్కువ. లోపలి గాలి మొత్తం కనీసం నాలుగుసార్లు మారాలన్నది ఫైర్ ట్యూబ్ బాయిలర్ల విషయంలో పాటించే లెక్క.

ఆ తర్వాతే స్పార్క్. తర్వాత కొద్దిపాటి గ్యాస్. మంటను చూసే కన్ను ఒకటి ఉంటుంది, ఫ్లేమ్ సెన్సర్. మంట కనిపిస్తేనే గ్యాస్ పెరుగుతుంది. కొన్ని సెకన్లలో కనిపించకపోతే వాల్వులు మూసుకుపోతాయి. నడుస్తుండగా మంట ఆరినా సెకనులోనే గ్యాస్ కట్ అవ్వాలి. ఎర్ర లైటు వెలిగి బర్నర్ మొరాయిస్తుంది. దీనిపేరే లాకౌట్.

ఆపరేటర్‌కు ఇది విసుగు. బర్నర్‌కు మాత్రం ఇదే ప్రాణరక్ష.

రీసెట్ బటన్ మీద పడే ఒత్తిడి

ఇప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర అనుకోండి. ఏడింటికి టిఫిన్ సిద్ధంగా ఉండాలి. బర్నర్ లాకౌట్ అయింది. ఆపరేటర్ రీసెట్ నొక్కుతాడు. మళ్లీ లాకౌట్. మళ్లీ నొక్కుతాడు. నాలుగోసారి, ఐదోసారి.. ప్రతి ప్రయత్నంలోనూ కొంత గ్యాస్ లోపలికి వెళ్తూనే ఉంటుంది. పర్జింగ్ సరిగ్గా ఉంటే అది బయటికి పోతుంది. పర్జ్ టైమర్‌ను ఎవరైనా తగ్గించి ఉంటే?

ఇంకాస్త ముందుకెళ్తే సెన్సర్ దగ్గర వైర్ కలిపేసి బైపాస్ చేయడం. "ఇవ్వాళ్టికి నడిపిద్దాం, రేపు మెకానిక్‌ను పిలుద్దాం" అనే మాట. ఆ రేపు నెల దాకా రాదు. మంట ఉందో లేదో తెలియని బర్నర్ అలా నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడ ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. టిఫిన్ లేటైతే మాట పడేది అతనే. లాకౌట్ అయినప్పుడు బర్నర్ ఆపేసే హక్కు అతనికి ఉందా? టిఫిన్ గంట ఆలస్యమైనా ఫర్వాలేదని యాజమాన్యం ముందే చెప్పిందా? భద్రత అంతా ఈ రెండు ప్రశ్నల మీదే ఆధారపడి ఉంది.

బిగించేటప్పుడే తప్పు మొదలవుతుంది

బర్నర్ కొనేటప్పుడు మన దగ్గర వినిపించే మాట, "కాస్త పెద్దదే పెట్టండి, పనికొస్తుంది". ఇది తప్పు. బర్నర్ అవసరానికి మించి పెద్దదైతే ప్రెజర్ త్వరగా వచ్చేసి ఆగిపోతుంది. మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. వెలిగిన ప్రతిసారీ పర్జింగ్ చల్లగాలి బాయిలర్ వేడిని బయటికి తోసేస్తుంది. గ్యాస్ వృథా. పైగా గండం ఉండేదే వెలిగించేటప్పుడు అనుకుంటే, రోజుకు పదిసార్లు వెలగాల్సింది యాభైసార్లు వెలిగిస్తున్నట్టు.

మంట పొడవు ఫర్నేస్‌కు సరిపోవాలి. మంట వెనక గోడకో, ట్యూబులకో తగిలితే లోహం దెబ్బతింటుంది, మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వాసన లేని విషవాయువు అది.

బర్నర్ ముందు వరుసగా ఉండే పైపు, వాల్వుల సెట్‌ను గ్యాస్ ట్రైన్ అంటారు. చేత్తో మూసే వాల్వు, ఫిల్టర్, రెగ్యులేటర్, గ్యాస్ ప్రెజర్ తగ్గినా పెరిగినా ఆపేసే స్విచ్‌లు, ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటిగా రెండు సేఫ్టీ వాల్వులు. ఒకటి లీకైనా రెండోది ఆపాలని రెండు పెడతారు. ఖర్చు తగ్గిద్దామని కత్తెర వేసేది మాత్రం ఇక్కడే.

సిలిండర్ల సంగతి ఇంకోటి. సిలిండర్‌లోని ద్రవం వాయువుగా మారడానికి చుట్టూ ఉన్న గాలి వేడే ఆధారం. 19 కిలోల సిలిండర్ నుంచి నిలకడగా వచ్చేది గంటకు కిలో అటూ ఇటూ. మరి 29 కిలోలు లాగితే? సిలిండర్ బయట మంచు పడుతుంది, ప్రెజర్ పడిపోతుంది, మంట ఆరుతుంది. అప్పుడు సిలిండర్ మీద వేడినీళ్లు పోసేవాళ్లున్నారు. ఇది ప్రాణాలతో చెలగాటం. దీనికి సరైన దారి వేపరైజర్, లేదా ఆ పనికోసమే తయారైన పెద్ద సిలిండర్లు. 100 కిలోలు దాటి ఎల్పీజీ నిల్వ చేయాలంటే గ్యాస్ సిలిండర్ల నిబంధనల కింద లైసెన్స్ సంగతి కూడా చూసుకోవాలి.

"నాన్ ఐబీఆర్" అంటే ప్రమాదం లేదనా?

ఇది చాలామందికి తెలియని పాయింట్. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో బాయిలర్ల చట్టం 2025 వచ్చింది. 2025 మే 1 నుంచి అమల్లో ఉంది. ప్రాణనష్టానికి దారితీసే తీవ్రమైన తప్పులకు క్రిమినల్ శిక్షలు కొనసాగించారు.

అయితే 25 లీటర్ల కంటే తక్కువ నీరు పట్టేవి, చదరపు సెంటీమీటరుకు కిలో కంటే తక్కువ ప్రెజర్‌కు డిజైన్ చేసినవి ఈ చట్టం దృష్టిలో బాయిలర్లే కావు. మార్కెట్‌లో వీటినే "నాన్ ఐబీఆర్" అంటారు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఏటా ఇన్‌స్పెక్టర్ రాడు, సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ అవసరం లేదు. హాస్టల్ వంటశాలలకు, చిన్న లాండ్రీలకు ఇదే పెద్ద సేల్స్ పాయింట్.

ఆవిరి వైపు చూస్తే ఈ మినహాయింపులో అర్థం ఉంది. తక్కువ నీరు, తక్కువ ప్రెజర్, కాబట్టి తక్కువ నష్టం. కానీ చట్టం కొలిచేది నీళ్లను, ప్రెజర్‌ను. ఫర్నేస్‌లో పోగైన గ్యాస్‌కు వీటితో సంబంధం లేదు. పది లీటర్ల గ్యాస్ లెక్క నాన్ ఐబీఆర్‌కూ అదే. పెద్ద ఫ్యాక్టరీలో ఇంజినీర్ ఉంటాడు, ఇన్‌స్పెక్టర్ వస్తాడు. పక్కనే మనుషులు తిరిగే వంటశాలలో ఉండే చిన్న యంత్రాన్ని మాత్రం అడిగే నాథుడు లేడు.

పైపు గ్యాస్ వస్తే ఏం మారుతుంది?

2018లో తొమ్మిదో విడత సిటీ గ్యాస్ బిడ్డింగ్‌లో అనంతపురం, వైఎస్సార్ కడప జిల్లాలు కలిపి ఏజీ అండ్ పీ సంస్థకు దక్కాయి. పైపు గ్యాస్ అందే చోట సిలిండర్ల గోల తప్పుతుంది. కానీ "గ్యాస్ గ్యాసే కదా, పైపు మార్చి కలిపేద్దాం" అంటే కుదరదు.

పైపులో వచ్చేది మీథేన్. ఒకే ఘనపరిమాణంలో ఎల్పీజీలో దానికి రెండున్నర రెట్లకు పైగా వేడి ఉంటుంది. నాజిల్, రెగ్యులేటర్, గాలి సెట్టింగ్ అన్నీ మార్చాలి. పొగను అనలైజర్‌తో కొలిచి ఆక్సిజన్ 3 శాతం దగ్గర ఉందా, కార్బన్ మోనాక్సైడ్ ఎంత అని చూసి ట్యూన్ చేయాలి. కంటికి నీలం మంట కనిపిస్తే సరిపోదు.

ఇంకో ముఖ్యమైన తేడా. ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే నేలమీద పాకి కాల్వల్లో, గుంటల్లో నిలుస్తుంది. మీథేన్ తేలిక, పైకప్పు కిందికి చేరుతుంది. అంటే నేల దగ్గర పెట్టిన గ్యాస్ డిటెక్టర్ పైకి వెళ్లాలి. బర్నర్ మార్చి డిటెక్టర్‌ను అక్కడే వదిలేస్తే అది ఉన్నా లేనట్టే.

మంట లేని దారి కూడా ఉంది

తిరుమలలో టీటీడీ 2002లోనే సోలార్ ఆవిరి వంట మొదలుపెట్టింది. 106 డిష్‌లు సూర్యుడి వైపు తిరుగుతూ ఆవిరి తయారుచేసేవి. దాదాపు 15 వేల మందికి వంట చేసే సామర్థ్యం. దాన్ని కూడా అప్పటికే ఉన్న డీజిల్ బాయిలర్‌తో కలిపే నడిపారు. ఎండ లేనప్పుడు మంట కావాల్సిందే కదా. కడప జిల్లా ఎండ గురించి చెప్పక్కర్లేదు. ఇక్కడ ఎంత సోలార్ వచ్చినా, తెల్లవారుజాము టిఫిన్ కోసం బర్నర్ ఉండి తీరుతుంది.

మీ హాస్టల్లో, మీ మిల్లులో ఇవి అడగండి

- స్టార్ట్ నొక్కాక మంట రావడానికి ఎన్ని సెకన్లు పడుతోంది? వెంటనే వస్తే పర్జింగ్ లేనట్టే.
- నడుస్తుండగా ఫ్లేమ్ సెన్సర్ తీసి చూస్తే బర్నర్ వెంటనే ఆగుతోందా? ఈ టెస్ట్ టెక్నీషియన్‌తోనే చేయించి, తేదీ రాయించండి.
- నీళ్లు తగ్గితే బర్నర్ ఆగుతోందా?
- ప్యానెల్‌లో బైపాస్ వైర్లు ఏమైనా ఉన్నాయా?
- రెండుసార్లు లాకౌట్ అయితే ఆపేయాలని గోడ మీద తెలుగులో రాసి ఉందా?
- మెయింటెనెన్స్‌కు ఆపినప్పుడు గ్యాస్ మెయిన్ వాల్వు మూసి తాళం వేస్తున్నారా?

ఇందులో ఒక్కదానికీ లక్షలు ఖర్చు కావు. పిల్లల్ని హాస్టల్లో చేర్చేటప్పుడు గది చూస్తాం, భోజనం రుచి చూస్తాం. ఈసారి ఆ భోజనం వండే గదిలోకి కూడా ఒక్కసారి తొంగి చూడండి. ఏడింటికి రావాల్సిన ఇడ్లీ ఎనిమిదింటికి వస్తే, దాని వెనక లాకౌట్ అయిన బర్నర్‌ను బైపాస్ చేయకుండా ఆపేసిన ఆపరేటర్ ఉండి ఉండొచ్చు. అతన్ని తిట్టకండి.