ఉంగరాల జుట్టు కుక్క

పాలకీడు వంటి యూరినుండి జాతికుక్క కావలెనని హైదరాబాదు పోవు సోదరీమణులు అంగడికి గాక, దిక్కులేని జంతువులను కాచు బ్లూక్రాసు వంటి సంస్థకు పోవుట మేలని మా యభిప్రాయము. దానిని అక్కినేని అమలగారు 1992లో స్థాపించిరి. అట్టిచోట నుండునవి చాలవరకు ఊరకుక్కలే. ఒకప్పుడు పూడిల్ సంకరమును కంటబడవచ్చును. పిల్లలు దానినే కోరుదురు.

ఇట్టి సంకరమునకు పేరు తెచ్చినవాడు ఆస్ట్రేలియావాసి వాలీ కాన్రన్. ఒక అంధురాలికి దారి చూపు కుక్క కావలసివచ్చెను. ఆమె భర్తకు కుక్కవెండ్రుకలు పడవు. అందుచే 1989లో ఆయన పూడిల్‌ను లాబ్రడార్‌తో కలిపెను. వర్తకులు దానిని లాభమునకు వాడుకొనుట చూచి తరువాత బహిరంగముగా చింతించెను.

జుట్టు రాలదని మురియుదుము గాని, రాలని జుట్టు పెరుగుచునే యుండును. దువ్వకున్న అట్టకట్టి లోపల చర్మము పుండుపడును. గోమార్లు దాగినను కానరావు. సంకరమునకు ఏ పోలిక జుట్టు వచ్చునో ముందుగా చెప్పజాలము. ముచ్చట పిల్లలది, దువ్వెన తల్లిది! కావున దువ్వువారెవరో, కత్తిరింపు ఖర్చు ఎవరిదో మగవారినిగూడ కూర్చుండబెట్టి ముందే తేల్చుకొనుడు. ఇట్లు తేల్చుకొనక తెచ్చిన కుక్కయే మరల వీధిపాలగును.

అంత తీరిక లేనియెడల పొట్టిజుట్టు ఊరకుక్కపిల్లను తెచ్చుకొనుడు; మన యెండకు అదియే తాళును. ఉల్లి, ద్రాక్ష, చాకొలెట్టు ఏ కుక్కకును పెట్టరాదు. రేబీసు టీకా మూడవ నెలలో వేయించి, పిదప పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయించవలెను.