చిటికెడు నమక్, కొలిచిన చక్కెర

మన ఇళ్లల్లో చంటిబిడ్డకి దస్త్‌లు మొదలైతే పెద్దవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఒకటుంది: "పానీ నక్కో దేవ్ మా, ఔర్ జాస్తీ హోతే." నీళ్లిస్తే దస్త్‌లు ఇంకా పెరుగుతాయని వాళ్ల ఖయాల్. మొహబ్బత్‌తోనే అంటారు, నీయత్‌లో ఖోట్ లేదు. కానీ బచ్చా జాన్‌కి ఇంతకంటే ఖతర్నాక్ సలహా లేదు. దస్త్‌ల్లో ప్రాణం తీసేది చాలాసార్లు ఒంట్లోంచి పోయిన నీళ్లూ నమకూ.

మన లడ్కియాఁ ఇంటర్‌లో బైపీసీ చదువుతున్నారు. గ్లూకోజ్ అణువు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఖుషీ కీ బాత్. అయితే ఆ ఇల్మ్ పరీక్ష హాలు దాటి బావర్చీఖానాకి రావడం లేదు. నా షికాయత్ అదే.

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్‌లు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. అందుకే ఆ కొసకి కొంచెం రుణావేశం, హైడ్రోజన్‌ల కొసలకి కొంచెం ధనావేశం. ఈ గుణం వల్లే నమక్ నీళ్లలో పడగానే సోడియం, క్లోరైడ్‌గా విడిపోతుంది. చక్కెర కూడా కరిగిపోతుంది. అయితే మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉన్న పొర చర్బీతో కట్టిన దీవార్. నీళ్లలో కరిగిన సోడియం, గ్లూకోజ్ ఆ దీవార్‌ని తమంతట తాము దాటలేవు. వాటికి దర్వాజా కావాలి. ఆ దర్వాజాలు ప్రోటీన్‌తో తయారైనవి.

చిన్నపేగు గోడలో అలాంటి దర్వాజా ఒకటుంది. దాని షర్త్ ఏమిటంటే గ్లూకోజ్, సోడియం కలిసి రావాలి. ఒక గ్లూకోజ్‌కి రెండు సోడియంలు. జోడీగా వస్తే లోపలికి పంపుతుంది, వాటి వెనకే నీళ్లూ పోతాయి. ఈ జోడీ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ బయటపెట్టాడు. హైజా పట్టి పేగు నీళ్లన్నీ బయటికి తోసేస్తున్నప్పుడు కూడా ఈ దర్వాజా పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్‌ఎస్ రాజ్ అంతా ఇదే.

1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ హైజా రోగులకి ఈ నీళ్లు తాగించి, సెలైన్ అవసరం బాగా తగ్గుతుందని చూపారు. 1971లో బంగ్లాదేశ్ జంగ్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ నిండిపోయింది. అక్కడ సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ డ్రమ్ముల్లో ఈ నీళ్లు కలిపించి, బంధువుల చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. తర్వాత 1980ల్లో బ్రాక్ సంస్థ తరఫున ఔరతులు బంగ్లాదేశ్‌లో కోటికి పైగా ఇళ్ల గడప తొక్కి, నమక్, బెల్లం నీళ్లు కలపడం అమ్మలకి నేర్పారు. ఆ అమ్మల్లో చాలామందికి అక్షరం రాదు. వాళ్లు నేర్చుకోగలిగింది మనం నేర్చుకోలేమా?

ఇక్కడే ఇంకో ధోకా ఉంది. చక్కెర మంచిదైతే ఎక్కువ చక్కెర ఇంకా మంచిదనుకుంటాం. కాదు. పేగులో చక్కెర గాఢత పెరిగితే అది ఒంట్లోని నీళ్లనే పేగులోకి లాగుతుంది, దస్త్‌లు ఎక్కువవుతాయి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, నమక్ 2.6 గ్రాములు. డబ్బాలో అమ్మే ఫ్రూట్ డ్రింక్‌లో లీటరుకి చక్కెర 100 గ్రాములు దాటడం మామూలే. అలాంటి డ్రింకులు ఏళ్లతరబడి ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని మెడికల్ షాపుల్లో దర్జాగా కూర్చున్నాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు దీనిమీద కొట్లాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని హుకుం ఇచ్చింది. హుకుం వచ్చిందని బేఫికర్ కావొద్దు. పాకెట్ తిప్పి, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూడండి. కూల్‌డ్రింక్, ఉత్త గ్లూకోజ్ పొడి దాని బదులు కాదు.

ప్రతి ఇంట్లో రెండు ఓఆర్‌ఎస్ పాకెట్లు ఉండాలి. దానిమీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నే కలపాలి, ఎక్కువా వద్దు, కమ్ కూడా వద్దు. దొరకని పూట కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో చదునుగా కొలిచిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ నమక్. చెంచా చెంచాగా తాగించాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు ఆపొద్దు. కళ్లు లోపలికి పోయినా, పేషాబ్ రాకపోయినా, బిడ్డ సుస్తుగా పడి ఉన్నా, దస్త్‌లో ఖూన్ కనపడినా వెంటనే దవాఖానాకి పరుగెత్తాలి.

దువా చేద్దాం, దవా కూడా ఇద్దాం. బైపీసీ చదివే బిడ్డ ఇంట్లో ఉంటే ఈ జుమ్మా రోజు దస్తర్‌ఖాన్ దగ్గర ఆ దర్వాజా సంగతి దాదీమాకి, నానీమాకి దఖ్నీలో చెప్పమనండి. ఇంటి పెద్దకి అర్థమైతే ఖాన్‌దాన్ మొత్తానికి అర్థమైనట్టే.