అరువు తాళం, సొంత గొంతు

హైదరాబాద్ పబ్బుల్లో, కెఫేల్లో పాడే బ్యాండ్లకు బాగా తెలిసిన ఇబ్బంది ఒకటుంది. రెండు సొంత పాటలు పాడేసరికి ఏదో టేబుల్ నుంచి చీటీ వస్తుంది, ఫలానా సినిమా పాట పాడమని. కాదంటే యజమాని మళ్లీ పిలుస్తాడన్న నమ్మకం లేదు. పాటంటే సినిమా పాటే అనుకునే మన దగ్గర స్వతంత్ర సంగీతకారుడు సొంత దారి వదిలేసేది చాలాసార్లు ఆ చీటీ దగ్గరే.

వదలని వాళ్లూ ఉన్నారు. జానపదాన్ని రెగెతో కలిపిన చౌరస్తా బ్యాండ్‌నే తీసుకోండి. రెగెలో గిటారు మీటు తాళం దెబ్బ మీద పడదు. దెబ్బకూ దెబ్బకూ నడుమ పడుతుంది. దాంతో పాట కాస్త వెనక్కి వాలి, తీరుబడిగా నడుస్తుంది. ఆ నడక జమైకాది. దాన్ని తెచ్చుకున్న బ్యాండే, పట్నం మీద విసుగెత్తి ఊరిబస్సెక్కాలనుకునే మనిషి గోడును ‘ఊరెళ్లిపోతా మామ’గా పాడింది. తాళం ఎక్కడిదైనా మాట, యాస, బాధ మనవి. అరువు తెచ్చుకుంటే సొంతదనం పోతుందన్న భయం అక్కర్లేదు.

సినిమా అవకాశం ఆ తర్వాత వచ్చింది. ఆ బ్యాండ్ గాయకుడు రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’కు ‘చిట్టి’ పాడాడు. 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకు బాణీ కట్టి తనే పాడాడు. 2023లో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడిన రాహుల్ సిప్లిగంజ్ కూడా సొంత దారి వదల్లేదు. సినిమాల్లో పాడుతూనే ‘గల్లీ కా గణేష్’ లాంటి సొంత వీడియోలతో హైదరాబాద్ గల్లీ భాషను వినిపించాడు. అవకాశం కోసం సినిమా గొంతును అనుకరించే కుర్రాళ్లు ఈ ఇద్దరినీ గమనించాలి.

అసలు ప్రమాదం విజయం తర్వాతే. ఒక జానపదం యూట్యూబ్‌లో ఆడితే చాలు, అదే డీజే దరువు, అదే కీబోర్డు మోత, పల్లవిలో పేరు మాత్రం మారి మరో పది వచ్చేస్తాయి.

సొంత పాటకు చట్టం అండ కూడా ఉంది. 2012 కాపీరైట్ సవరణతో రచయిత, స్వరకర్త రాయల్టీ వాటా హక్కును రికార్డింగ్ కంపెనీకి రాసిచ్చేసినా అది చెల్లదు. ఈ సంగతి తెలియకుండా ఒకేసారి వచ్చే డబ్బు కోసం సంతకం పెట్టేయడం తనకు తానే అన్యాయం చేసుకోవడం. సంతకానికి ముందు ఒక లాయరుకు చూపించుకోవాలి.

కాలేజీ ఫెస్టులకు బ్యాండ్లను పిలిచే విద్యార్థులు చేయగల మేలూ ఒకటుంది. ఒప్పందంలోనే అరగంట సొంత పాటలకని రాయించండి, ఆ అరగంటను జనం పలచబడ్డాక కాకుండా సాయంత్రం నిండుగా ఉన్నప్పుడు పెట్టండి.