స్టీరింగు వదులైనప్పుడు

సిప్పీఘాట్ రోడ్డు పక్కనే నీరు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి నేల కుంగి, ఇక్కడి పల్లపు పొలాలు ఉప్పునీట మునిగినవి. ఇటువంటి చోట పాత జిప్సీ స్టీరింగు వదులైతే, పొరపాటుకు తావు లేదు.

చాలామంది వెంటనే స్టీరింగు బాక్సు మీది సర్దుబాటు స్క్రూను బిగింతురు. ఇది సరికాదు. లోపము వేరొకచోట ఉండగా బాక్సును బిగించినచో స్టీరింగు పట్టివేయును; మలుపు తిరిగిన పిదప చక్రములు తమంతట తిన్నబడవు.

మొదట టైర్లలో గాలి చూడవలెను. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రములకు అడ్డు పెట్టి, ఇంజను ఆపి, ఇంటివారిలో ఒకరిని స్టీరింగు కొద్దిగా అటూ ఇటూ తిప్పమనండి. మీరు కాలమ్ జాయింటు మొదలు డ్రాగ్ లింక్, టై రాడ్ చివరల వరకు వరుసగా గమనించండి. కదలిక ఏ జాయింటు దాటి ముందుకు పోవుట లేదో, వదులు అక్కడ ఉన్నది. రబ్బరు తొడుగు చిరిగిన బాల్ జాయింటులోనికి ఉప్పుతేమ చేరి త్వరగా అరగదీయును.

పిదప ముందు చక్రమును జాకీతో లేపి, స్టాండుపై నిలిపి, పైన, క్రింద పట్టి ఊపండి. బ్రేకు తొక్కగా ఊపు ఆగినచో చక్రపు బేరింగు, ఆగనిచో కింగ్‌పిన్ బేరింగు అరిగినట్లు.

ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే బాక్సు జోలికి పోవలెను. టై రాడ్ చివర మార్చినచో టో-ఇన్ సరిచూపించి, ఆ తరువాతనే పిల్లలను బండి ఎక్కించండి.