గన్ను టేబుల్ మీద పెట్టే సీను

మొన్న సంక్రాంతికి మా ఊరు వెళ్లాను. ఊరి పేరు నగరం. కోనసీమలో మామిడికుదురు పక్కన. పేరుకే నగరం, చుట్టూ కొబ్బరి తోటలే. రాత్రి భోజనాలయ్యాక టీవీలో ఓ పోలీస్ థ్రిల్లర్ పెట్టాను. పేరు చెప్తే స్పాయిలర్ అయిపోద్ది, వదిలేయండి.

వరసగా పగ హత్యలు. వాటిని పట్టుకోవాల్సిన డిటెక్టివ్‌కి నిద్ర పట్టదు, పాత గాయమేదో వెంటాడుతుంటుంది. పైగా ఆయన మీదే డిపార్ట్‌మెంట్ ఎంక్వైరీ. 2020లో వచ్చిన 'హిట్'లో విశ్వక్ సేన్ చేసిన విక్రమ్ రుద్రరాజు గుర్తున్నాడుగా? గతం వదలని ఇలాంటి పోలీసులంటే మనకి భలే ఇష్టం.

పై ఆఫీసరు "గన్, ఐడీ కార్డ్ టేబుల్ మీద పెట్టు" అనగానే మా బాబాయ్‌కి మండింది.

"పనిచేసేవోడి మీద ఎంక్వైరీ ఏంట్రా? దొరికినోణ్ణి అక్కడే ఏసెయ్యాలి. దిశ కేసులో ఏసెయ్యలేదూ?"

నేను మాట్లాడలేదు. ఎందుకంటే ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టాను.

2019 డిసెంబర్ 6. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయింది. పొద్దున్నే హాస్టల్లో ఫోన్లన్నీ ఒకేసారి మోగడం మొదలెట్టాయి. శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్‌పై అత్యాచారం చేసి చంపేసిన కేసులో నిందితులు నలుగురూ షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారట. అరెస్టయి వారం. చార్జిషీటు లేదు, విచారణ లేదు. అక్కడ పోలీసుల మీద జనం పూలు చల్లారు. నేను స్టేటస్‌లో చప్పట్ల ఎమోజీలు పెట్టాను. ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే అప్పుడు నాకు అదే న్యాయం అనిపించింది.

ఆరు రోజులకి సుప్రీంకోర్టు ముగ్గురితో కమిషన్ వేసింది. నాయకత్వం మాజీ న్యాయమూర్తి సిర్పూర్కర్‌ది. 2022 మేలో నివేదిక బయటికొచ్చింది. నిందితులు పిస్టళ్లు లాక్కుని కాల్చారన్న పోలీసుల కథ నమ్మేలా లేదని, చంపాలనే కాల్చారని కమిషన్ తేల్చింది. పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా చెప్పింది. పోలీసులు దాన్ని తెలంగాణ హైకోర్టులో సవాలు చేస్తే 2024లో స్టే వచ్చింది. అంటే పోలీసుల తప్పు కూడా ఇంకా కోర్టులో రుజువు కాలేదు. వాళ్ల వాదన వినడానికి ఒక కోర్టుంది, లాయర్లున్నారు, టైముంది. ఆ నలుగురికి అవేవీ దొరకలేదు.

ఆ మైనర్ల లైను చదివి, నా పాత స్టేటస్ గుర్తొచ్చి సిగ్గేసింది. నేను చప్పట్లు కొట్టింది ఎవరికో, ఎందుకో కూడా నాకు తెలీదు. ఆ నలుగురూ అంతా చేశారా, ఎవరు ఎంత చేశారు అనేది విచారణలో తేలాలి. నిందితులే లేకపోతే ఇంకేం తేలుతుంది? ఆ అమ్మాయి కేసులో పూర్తి నిజం కోర్టులో బయటపడే దారి కూడా ఆ పొద్దున్నే మూసుకుపోయింది.

మా ఆఫీసులో నేను రాసిన కోడ్‌ని నేనే ఓకే చేసుకోవడానికి లేదు. రెండు లైన్లు మార్చినా ఇంకొకళ్లు చూడాల్సిందే. ఓ యాప్‌లో బటన్ రంగుకే ఇంత కాపలా ఉంటే, మనిషి ప్రాణానికి ఉండొద్దూ?

ఉంది. ఎన్‌కౌంటర్లో ఎవరైనా చనిపోతే ఏం చెయ్యాలో 2014 సెప్టెంబర్‌లోనే సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో చెప్పింది. ఎఫ్ఐఆర్ కట్టాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ వాళ్లు గానీ చెయ్యాలి. కాల్చిన ఆయుధాలు ల్యాబ్ పరీక్షకి అప్పగించాలి. అవార్డులు, ప్రమోషన్లు వెంటనే ఇవ్వకూడదు. సినిమాలో మనకి చిరాకు తెప్పించే గన్ను టేబుల్ మీద పెట్టే సీను ఉంది చూశారా, దానికి దగ్గరి రూలు నిజంగానే ఉంది.

ఇదంతా చెప్తే బాబాయ్ ఒప్పుకుంటాడా? "నీకేం, ఆ అమ్మాయి మనింటి పిల్లయితే?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఊరి సంగతే గుర్తొచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైప్‌లైన్ పేలింది. ఇరవై మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. నేనప్పుడు విజయవాడలో ఇంటర్ హాస్టల్లో ఉన్నాను. బాబాయ్ ఇక్కడే ఉన్నాడు.

"బాబాయ్, ఆ రోజు ఎవడైనా చేతికి చిక్కుంటే ఏం చేసేవాడివి?"

"చంపేసేవోణ్ణి." ఆలోచించకుండా అన్నాడు.

"ఎవడు చిక్కేవాడు? గేటు దగ్గర వాచ్‌మనో, వాల్వు తిప్పే కూలీయో. తడి లేని గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీళ్లు కలిసిన గ్యాస్ పంపారని, లోపల తుప్పు పట్టి తినేసిందని తర్వాత ఎంక్వైరీలోనేగా తెలిసింది. వాచ్‌మన్‌ని కొట్టి చంపేస్తే మన కోపం చల్లారేది. గొట్టం మాత్రం అలాగే ఉండేది."

బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. ఆ పొద్దున్న ఆయన ఎవరెవర్ని మోశాడో మా ఇంట్లో ఎవరం అడగం.

కాసేపాగి రిమోట్ తీసుకుని ప్లే నొక్కాడు. డిటెక్టివ్ మళ్లీ పరిగెడుతున్నాడు. క్లైమాక్స్‌లో హీరో ఎవడినో కాల్చేశాడు, వెనకాల మ్యూజిక్ అదిరిపోయింది. నేను బాబాయ్ వైపు చూశాను.

"ఏరా," అన్నాడు, కళ్లు టీవీ మీంచి తిప్పకుండా, "ఇంతకీ ఆ గన్ను ల్యాబుకి పంపిస్తారంటావా?"