వాళ్లు తిరిగితే యాత్ర, మనోడు తిరిగితే గ్యాప్



మొన్న ఆదివారం నా పాత స్టూడెంట్ హన్మకొండల మా ఇంటికొచ్చిండు. బీఎస్సీ కంప్యూటర్స్. హైదరాబాద్‌ల నాలుగేండ్లు హెల్ప్‌డెస్క్ నైట్ షిఫ్టులు చేసిండు. మిగుల్చుకున్న పైసలతోని పద్నాలుగు నెలలు దేశం తిరిగిండు. మహూ, నాగపూర్ దీక్షాభూమి, ముంబై చైత్యభూమి, సారనాథ్, బుద్ధగయ. జనరల్ బోగీలల్ల ప్రయాణం, విహారాలల్ల నిద్ర. ఇప్పుడు యూకేల ఐటీ సపోర్ట్ పని వెతుక్కుంటున్నడు.

"సార్, ఈ పద్నాలుగు నెలలు సీవీల ఏమని రాయాలె?"

ఒక కన్సల్టెన్సీవాడు అప్పటికే చెప్పిండట: పైసలు కట్టు, ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెడతా, తిరిగినా అని మాత్రం రాయకు. వాడలనేమో 'పని లేక ఊర్ల మీద పడ్డడు' అన్నరట. మనోళ్లు కూడా ఇట్లనే అంటరు, ఏం జేస్తం.

నాకు ఏనుగుల వీరాస్వామయ్య యాదికొచ్చిండు. మద్రాసు సుప్రీంకోర్టుల దుబాసీ. 1830 మేల కాశీకి బయలెల్లి 1831 సెప్టెంబర్‌ల తిరిగొచ్చిండు. పదిహేను నెలలు దాటింది. పల్లకి, బోయీలు, పెద్ద పరివారం. 'కాశీయాత్ర చరిత్ర' గొప్ప పుస్తకమే, నేనూ క్లాసుల చెప్తా. కానీ ఆ పదిహేను నెలలను గ్యాప్ అని ఒక్క పండితుడన్నా అన్నడా? మోసిన బోయీలు కూడా అంతే దూరం పోయిన్రు గదా, వాళ్ల యాత్రా చరిత్ర ఏది?

లింక్డ్‌ఇన్ 2022ల 'కెరీర్ బ్రేక్' అని ఒక గడి పెట్టింది. లడఖ్ పోయొచ్చిన దొరల బిడ్డలు దాన్ని ఫొటోలతోని నింపుకుంటరు. మనోడు మహూ అని రాస్తే కులం రాసినట్టే. ఇంటర్వ్యూ చేసేటోడు మన తెలుగోడైతే అడగాల్సిన అవసరం కూడా లేదు. ఇది మా ఊహ అంటరా? 2020ల దళిత ఇంజనీరును అగ్రకుల మేనేజర్లు వివక్షకు గురిచేసిన్రన్న ఆరోపణతోని సిస్కో మీద కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖే కేసు వేసింది. బ్రిటన్ల అయితే కులాన్ని సమానత్వ చట్టంల చేర్చాలని 2013ల పార్లమెంటు చెప్తే, 2018ల ప్రభుత్వం అక్కర్లేదు, కోర్టు తీర్పులు చాలన్నది.

ఇగ వీసా. 'యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్' కింద 18 నుంచి 30 ఏండ్లోళ్లకు లాటరీ. పేరొస్తే 2,530 పౌండ్లు 28 రోజులు బ్యాంకుల కదలకుండ ఉండాలె. మన ఇండ్లల్ల రెండున్నర లక్షల పైచిలుకు పైసలు 28 దినాలు ఎక్కడ నిలుస్తయి? నడుమ దవాఖాన వస్తది, చిట్టి వస్తది, చెల్లె ఫీజు వస్తది. ఆస్తి ఉన్నోని ఖాతాల పైసలు నిద్రపోతయి, మనోని ఖాతాల నిలబడి ఊపిరి తీసుకుంట పోతయి.

నేను సీవీల సాఫ్‌గ రాసిచ్చిన: పద్నాలుగు నెలలు, అంబేడ్కర్, బుద్ధుడు తిరిగిన ఊర్లు చూసిన.

పిలగాడు చదివిండు. పెన్ను తీసి ఊర్ల పేర్లన్నీ కొట్టేసి 'ట్రావెల్' అని ఒక్క ముక్క రాసుకున్నడు. నా మొఖం చూసి, "ముందు లోపటికి పోనియ్యి సార్, అప్పుడు చెప్తా" అన్నడు.