రహదారి మిగుల్చునదేమి?

జగిత్యాల, కోరుట్లల మీదుగా నిజామాబాదు చేరు జాతీయ రహదారి సంఖ్య 2010లో 16 నుండి 63కు మారినది. దానిపై సాగు ప్రయాణము మాత్రము మారలేదు. నిజామాబాదు విపణికి పసుపు, ఢిల్లీకి మామిడి, గల్ఫు దేశములకు పడుచువాండ్రు. మరమగ్గముల సిరిసిల్లనుండియు ఆ పయనమే.

2016లో జగిత్యాల, సిరిసిల్లలు జిల్లా కేంద్రములైనవి; 2025లో నిజామాబాదున జాతీయ పసుపు బోర్డు వెలసినది. మంచిదే. అయినను బాట వెడల్పయినంత మాత్రాన బ్రతుకు వెడల్పు కాదు. పసుపు పొడియై, మామిడి రసమై, మగ్గముపై గుడ్డ చొక్కాయై ఇచ్చటినుండియే విరివిగా కదలిననాడు గదా, కన్నకొడుకు కడలి దాటనక్కరలేకుండును! రహదారి ఘనత దానిపై పరుగిడు వాహనముల లెక్కలో లేదు. ఊరికి అది మిగిల్చిన దానిలో నున్నది.